చేర్పూ చెరుపూ

"మావయ్యా, పద్నాలుగూ ఎంచుకుని చెరిపెయ్!"

ఫోన్‌లో మా మేనకోడలు చిట్టి అన్న మాట ఇది. అన్న మాట కాదు, నేను విన్న మాట. ఆ పూట అన్న మాటకీ విన్న మాటకీ మధ్య ఒక గోడ ఉంది, ఆ గోడకి బెజ్జాలు వేస్తున్న డ్రిల్లు మిషను ఉంది, ఆ మిషను పట్టుకుని ఒక మేస్త్రీ ఉన్నాడు. వాటన్నిటినీ దాటుకుని మాట నా చెవిదాకా వచ్చేసరికి దాని ఒళ్ళు హూనమైపోయింది.

"చెరిపెయ్యాలా?" అని అరిచాను.

"ఆ, అదే! తొందరగా! కిందనే బొత్తాం ఉంటుంది. మేడమ్ పిలుస్తున్నారు, ఉంటా!"

నేను విన్నది తప్పు. నేను అడిగినదాన్ని తను విన్నదీ తప్పు. రెండు తప్పులూ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని దర్జాగా వెళ్ళిపోయాయి.

నా సంగతి చెప్పాలి. బస్టాండులో ఇరవై రెండేళ్ళుగా మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు ప్రకటించడం నా ఉద్యోగం. అందరికీ మైకు మావయ్యని. ఇన్నేళ్ళు స్పీకరు కింద కూర్చున్నందుకు గొంతు పెరిగింది, చెవి తరిగింది. ఎడమ చెవికి వినికిడిలో 'కిడి' ఒక్కటే మిగిలింది. "మీకు బాగా వినపడేది మీ గొంతొక్కటే" అంటుంది మా ఆవిడ. అదీ సగమే వినపడుతుంది నాకు.

చిట్టి మా చెల్లెలి కూతురు. మనుషులు కంప్యూటర్లతో ఎలా వేగుతున్నారో, కంప్యూటర్లు మనుషులతో ఎలా మసులుకోవాలో తేల్చే పైచదువు చదువుతోంది. "అంటే మనిషికీ మిషనుకీ సంబంధం కుదర్చడమే, పెళ్ళిళ్ళ పేరయ్య చదువు" అని మా చెల్లెలికి విడమరిచి చెప్పాను. "అయితే ముందు మా ఇంట్లో రిమోటుకీ మీ బావకీ కుదర్చమను అన్నయ్యా, మూడేళ్ళుగా మాటల్లేవు" అంది అది.

చిట్టి రెండేళ్ళ కష్టమంతా ఒక మాట్లాడే టికెట్టు మిషను. చదువు రానివాళ్ళు దాని ముందు నిలబడి నోటితో చెబితే చాలు. దాని గొంతు నాదే. మా బస్టాండు గోడకి దాన్ని తగిలించి, నెల్లాళ్ళపాటు పద్నాలుగు మందిని ఒక్కొక్కరినీ బతిమాలి దాంతో మాట్లాడించి, ఆ మాటలన్నీ రికార్డు చేసింది. "ఎక్కడికి వెళ్ళాలి?" అని మిషను అడిగితే ఒక్కరంటే ఒక్కరు ఊరి పేరు చెప్పలేదట. "నాయనా, మా అమ్మాయికి నొప్పులొస్తున్నాయి, ఏ బస్సుంటే ఆ బస్సెక్కించు" అంది చేపలమ్మే ఆవిడ. "కిటికీ పక్కనైతేనే ఇవ్వు, లేకపోతే రేపొస్తా" అన్నాడు దర్జీ. గోడకున్న మిషనుకి గోడు చెప్పుకున్నారు జనం. ఊరు అడిగితే ఊసు చెబుతారు మనుషులు, మిషను ఆ ఊసులోంచి ఊరిని ఏరుకోవడం నేర్చుకోవాలి. ఇదీ మా చిట్టి కనిపెట్టిన సంగతి. దానికి సాక్ష్యం ఆ పద్నాలుగు గొంతులు.

ఆ పద్నాలుగు మందికీ ఒక కాగితం చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకుంది చిట్టి. 'మీ గొంతు ల్యాబులో ఉన్న ఈ ఒక్క కంప్యూటరు దాటి, పరీక్షలో వినిపించడానికి తప్ప, ఎక్కడికీ పోదు. పని పూర్తయ్యాక చెరిపేస్తాం.' ఇచ్చిన మాట ప్రకారం ఇంకో నకలు కూడా తియ్యలేదు పిచ్చితల్లి.

ఆ రోజు పదకొండు గంటలకి వైవా. వైవా అంటే, 'వై?' అని వాళ్ళడుగుతారు, 'వా' అని మనం ఏడవాలి. నన్ను పొద్దున్న తొమ్మిదింటికే ల్యాబుకి పిలిపించింది. మిషను కోసం ఒక వాక్యం మళ్ళీ రికార్డు చెయ్యాలిట. పాతదాంట్లో నేను జనాన్ని కసురుతున్నట్టుందట. సరేనని గొంతులో తేనె పోసుకుని చెప్పాను. "సరిగా వినపడలేదు. దయచేసి మళ్ళీ చెప్పండి." ఆరుసార్లు చెప్పించి, ఆరోది బాగుందంది. నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, వాళ్ళ గైడు మేడమ్‌ని కలవడానికి పై అంతస్తుకి పరిగెత్తింది. అరగంటకి పైనుంచి ఫోను.

మిషను చేత అనిపించిన ఆ వాక్యం అప్పుడు నేను అని ఉంటే ఈ కథ లేదు.

ఫోను పెట్టేసి తెర వైపు చూశాను. పద్నాలుగు రికార్డింగులు వరసగా ఉన్నాయి. కింద రెండు బొత్తాలు, కవల పిల్లల్లా, ఒకే ఎత్తు, ఒకే రంగు. ఒకదాని మీద 'చేర్చు', ఇంకోదాని మీద 'చెరుపు'. పని పూర్తయింది కాబోలు, ఇచ్చిన మాట నిలబెట్టుకుంటోంది, బంగారు తల్లి అనుకున్నాను. పద్నాలుగూ ఎంచాను, అన్నీ నీలంగా మారాయి. ఎలుక మీద చెయ్యి వేసి ఏనుగంత పని చేశాను. 'చెరుపు' నొక్కాను.

తెర మధ్యలో చిన్న పెట్టె ఊడిపడింది. 'పద్నాలుగు రికార్డింగులు శాశ్వతంగా చెరపాలా?' దాని కింద మళ్ళీ రెండు బొత్తాలు. 'సరే', 'రద్దు'. 'సరే' అంటే సరేలే అని ఊరుకోవడం. అది మనకి పడదు. ఇక 'రద్దు' అంటారా, నాకు అన్నప్రాశన నాటి మాట. బస్టాండులో నేను రోజూ చెప్పేవి రెండే, రద్దీ, రద్దు. పండగొస్తే రద్దీ, వానొస్తే రద్దు. కళ్ళు మూసుకుని 'రద్దు' నొక్కాను. పెట్టె మాయమైంది. కాసేపటికి తెర కూడా నల్లబడింది. పనితనమంటే ఇదీ, దీపం కూడా ఆర్పేశాను అనుకున్నాను.

పది దాటాక చిట్టి కిందికి దిగింది. చెవుల్లో వైర్లు, చేతిలో కాగితాలు, మొహంలో నెత్తురుచుక్క లేదు. మేస్త్రీ ఇంకా గోడని తొలుస్తూనే ఉన్నాడు.

"చేర్చేశావా మావయ్యా?"

"చెరిపేశా!" అని బొటనవేలు పైకెత్తి చూపించాను.

"హమ్మయ్య!" అంది.

ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకున్నాం. ఎవరి నవ్వు వాళ్ళది.

వెనకాలే గైడు మేడమ్ వచ్చింది. పొట్టి మనిషి, నడక గట్టిది. అప్పుడే మేస్త్రీ డ్రిల్లు ఆపాడు, బిట్టు మార్చుకోవడానికి. భవనమంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మేడమ్ అడిగింది.

"రికార్డింగులు సిద్ధమేనా?"

"పద్నాలుగూ ప్రెజెంటేషన్‌లో చేర్చాం మేడమ్. మా మావయ్యే చేర్చారు."

"మంచిది. బయటినుంచి వచ్చే పరీక్షకుడు నీ మాట వినడు, వాళ్ళ మాట వినిపించమంటాడు. వినిపించలేకపోతే థీసిస్ వెనక్కి వచ్చినట్టే. ఇంకో ఆరు నెలలు."

చేర్చాం. ఆ మాట నా కుడి చెవిలోకి నేరుగా దూరింది. నేను చేర్చలేదు. చెరిపాను. థీసిస్‌ని తీసేశాను.

మళ్ళీ డ్రిల్లు మొదలైంది.

చేపలమ్మే ఆవిడ కూతురి దగ్గరే ఉండిపోయింది, ఇప్పట్లో రాదు. దర్జీ కంటి ఆపరేషన్‌కి వెళ్ళాడు. మిగతా పన్నెండు మందీ బస్సుల్లో వచ్చిపోయేవాళ్ళు. ఏ బస్సు ఎప్పుడొస్తుందో చెప్పగలను గానీ ఏ మనిషి ఎప్పుడొస్తాడో నేనెలా చెప్పను? నకలు లేదు. ఉన్న ఒక్కదాన్నీ ఈ చేత్తోనే...

"చిట్టీ, నేను చెరిపేశానే!" అన్నాను వెంటపడి. చెవుల్లో వైర్లు పెట్టుకుని తన ఉపన్యాసం తనే నెమరువేసుకుంటోంది. చిరునవ్వు నవ్వి తలూపింది.

రెండోసారి ఆ వైర్లు పీకేశాను. "చిట్టీ, విను. నేను చేర్చలేదమ్మా. చెరిపాను."

అది నా మొహంలోకి ఒక క్షణం చూసింది. తర్వాత ఫక్కున నవ్వింది. "చేర్పు, చెరుపు! అబ్బ మావయ్యా, ఇవ్వాళ కూడానా? నవ్వించావు, పో."

"శ్లేష కాదే తల్లీ!"

"శ్లేష కాదనడం కూడా శ్లేషలో భాగమేగా. నాకు తెలీదా నీ సంగతి?"

దానికి ఊహ తెలిసినప్పటినుంచీ నేను మాటలు విరగ్గొట్టి నవ్వించాను. దాని పుట్టినరోజులకి, దాని జ్వరాలకి, దాని మార్కుల లిస్టులకి. అవసరానికి ఒక్కటంటే ఒక్క మాట విరక్కుండా చెబుదామంటే, నా నోట్లో ఉన్నవన్నీ విరిగిన మాటలే. జీవితంలో నేను వేసిన శ్లేషలన్నిట్లోకీ గొప్పది ఇదే, అది శ్లేష కాదు.

మూడోసారి గది తలుపు దగ్గర పట్టుకున్నాను. ఈసారి నోరు తెరిచేలోపే నా చెయ్యి పట్టుకుంది.

"ఆయన ఏమడిగినా నాకు జవాబు గుర్తుండదు మావయ్యా. ఆ పద్నాలుగు గొంతులున్నాయి, వాళ్ళే మాట్లాడతారులే అన్న ధైర్యం ఒక్కటే. అది లేకపోతే ఇప్పుడే పారిపోయేదాన్ని."

మూడు ఫర్లాంగులు వినపడే గొంతు నాది. అది "అమ్మా, అవీ..." అని పిల్లికూనలా బయటికొచ్చింది.

"ఏంటీ?"

"చెరిపా..."

"తెలుసు, చేర్చావు. థాంక్స్ మావయ్యా." తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నేనూ వెళ్ళి చివరి కుర్చీలో కూర్చున్నాను. పారిపోదామని కాళ్ళు, ఉండమని గుండె. గుండే గెలిచింది.

చిన్న గది. బల్లకి అటు గైడు మేడమ్, ఆవిడ పక్కన బయటి పరీక్షకుడు. సన్నటి మనిషి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు, చేతిలో ఎర్రసిరా పెన్ను. మూలన బల్ల మీద మా టికెట్టు మిషను, నా గొంతు కడుపులో పెట్టుకుని. కాఫీ కప్పులు సర్దుతూ తాళాల తాత ఉన్నాడు. ఈ అంతస్తు గదులన్నిటి తాళాలూ ఆయన నడుముకే వేలాడుతుంటాయి, ఆయన నడిస్తే ఎడ్లబండి వస్తున్నట్టుంటుంది. వైవా అయ్యేదాకా డ్రిల్లు ఆపమని మేస్త్రీకి ఆయనే చెప్పొచ్చాడు. ఆపాల్సినప్పుడు ఆగనిది అక్కర్లేనప్పుడు ఆగింది.

చిట్టి మొదలుపెట్టింది. బయటి ఆయన కాగితాల మీద ఎర్రచుక్కలు పెట్టుకుంటూ పోయాడు. ప్రతి చుక్కా నా గుండెల్లో గుచ్చుకుంది. నాకు లెక్క కూడా తెలుస్తూనే ఉంది. తెర మీద ఇంకో నాలుగు బొమ్మలు తిరిగితే ఆ గొంతుల పేజీ. ఇంకో మూడు. ఇంకో రెండు. బస్సు మలుపు తిరగకముందే చప్పుడు పసిగట్టే అలవాటు నాది.

'పద్నాలుగు గొంతులు' అన్న పేజీ వచ్చింది.

"వినిపించండి" అన్నాడాయన. అదే ఆయన మొదటి మాట.

చిట్టి నొక్కింది. తెల్లటి పెట్టె తెరుచుకుంది. అందులో ఒకే ఒక్క వాక్యం. 'ఇక్కడ ఏమీ లేదు.'

మళ్ళీ నొక్కింది. ఇక్కడ ఏమీ లేదు. మూసి తెరిచింది. ఇక్కడ ఏమీ లేదు. దాని మెడ వెనక చెమట గీతలా దిగడం చివరి కుర్చీలోంచి కనపడింది నాకు.

"ఒక్క నిమిషమండీ... పొద్దున్నే... అన్నీ..."

ఎర్రసిరా పెన్ను కాగితం మీదికి వంగింది.

నేను లేచి నిలబడ్డాను. ఏం చెప్పాలో ముందే అనుకున్నాను, మర్యాదగా, మెల్లగా. కానీ భయమేసినప్పుడు మనిషి నోట్లోంచి వచ్చేది అలవాటైన మాటే.

"ప్రయాణికులకు విజ్ఞప్తి!" గదిలో అద్దాలు గలగలలాడాయి. "పద్నాలుగు రికార్డింగులూ రద్దు చేయబడినవి! కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము!"

తాళాల తాత చేతిలో కప్పు జారింది.

చిట్టి నెమ్మదిగా వెనక్కి తిరిగింది. "మావయ్యా... అది శ్లేష కాదా?"

"కాదమ్మా. మూడుసార్లు చెప్పాను. నువ్వు చెరిపెయ్యమన్నావు, నేను చెరిపేశాను."

"నేను చేర్చెయ్యమన్నాను!"

"అది ఇప్పుడు వినపడుతోంది."

మేడమ్ తల పట్టుకుంది. బయటి ఆయన పెన్ను ఆపి నా వైపు చూశాడు. "ఏం నొక్కారో వరసగా చెప్పండి."

"ముందు పద్నాలుగూ ఎంచానండీ. తర్వాత 'చెరుపు' నొక్కాను. ఒక పెట్టె వచ్చి శాశ్వతంగా చెరపాలా అని అడిగింది. శాశ్వతంగానే 'రద్దు' నొక్కాను."

ఆయన కళ్ళజోడు నుదుటి మీదినుంచి ముక్కు మీదికి దిగింది. "ఏది నొక్కారు?"

"రద్దండీ."

"'సరే' కాదా?"

"సరే అని ఊరుకుంటామా అండీ, అంత ముఖ్యమైన పని అప్పజెబితే?"

చిట్టి "రద్దా?" అంది. రెండోసారి "రద్దా!" అంటూ గదిలోంచి పరుగు తీసింది. దాని వెనక మేడమ్, మేడమ్ వెనక బయటి ఆయన, ఆయన వెనక గలగలమంటూ తాళాల తాత, అందరికీ వెనక ఏమీ అర్థంకాని నేను.

ల్యాబులో తెర నల్లగానే ఉంది. చిట్టి మౌసు కదిపింది. ఏదీ రాలేదు. ఆ ఒక్క క్షణంలో నేను మొక్కని దేవుడు లేడు. తెర నిద్రలేచింది. పద్నాలుగు రికార్డింగులు, పద్నాలుగూ నీలంగా, నేను వదిలేసిన చోటే, రాని బస్సు కోసం వరసలో నిలబడ్డ ప్రయాణికుల్లా ఉన్నాయి.

చిట్టి మొదటిదాన్ని నొక్కింది. "నాయనా, మా అమ్మాయికి నొప్పులొస్తున్నాయి..." చేపలమ్మే ఆవిడ గొంతు గదంతా నిండింది. చిట్టి నేల మీద కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. మేడమ్ వంగి దాని వీపు నిమిరింది. బయటి ఆయన మాత్రం నిలబడే పద్నాలుగూ పూర్తిగా విన్నాడు.

అప్పుడు తిరిగి నన్నడిగాడు. "రద్దు అంటే మీరేమనుకున్నారు?"

"అనుకోవడమేంటండీ? బస్సు రద్దు అంటే బస్సు రాదు. రికార్డింగు రద్దు అంటే రికార్డింగు ఉండదు."

"ఇక్కడ రద్దు అంటే చెరపడం మానుకోవడం. చెరపడాన్నే రద్దు చేశారు మీరు."

"అంటే... చెరపలేదా నేను?"

"చేర్చనూ లేదు" అంది చిట్టి నేల మీదినుంచే.

ఆయన తెర మీదికి వంగి ఎర్రసిరా పెన్నుతో ఆ కవల బొత్తాలు చూపించాడు. "చేర్చు, చెరుపు. పక్కపక్కన, ఒకే రంగులో. చూడబోతే ఒకలాగే ఉన్నాయి, వినబోతే ఒకలాగే ఉన్నాయి. మనుషులు తప్పులెలా చేస్తారో రెండేళ్ళు చదివిన వాళ్ళెవరో ఈ పక్కనే కూర్చున్నట్టున్నారు. ఇవి ఎవరు పెట్టారు?"

"నేనే అండీ" అంది చిట్టి.

ఆయన తలూపి, వెళ్ళబోతూ నా వైపు తిరిగి ఏదో అన్నాడు. వైవా అయిపోయిందనుకుని మేస్త్రీ సరిగ్గా అప్పుడే డ్రిల్లు ఆన్ చేశాడు. నాకు వినపడింది 'పదిహేనో మనిషి', 'చె', 'సాయంత్రం', అంతే. చేర్చడమో చెరపడమో! ఈసారి మాత్రం గొంతులో తేనె పోసుకోలేదు.

"సరిగా వినపడలేదు! దయచేసి మళ్ళీ చెప్పండి!"

డ్రిల్లు ఆగింది. నేనంటే అంత భయం దానికి.

"పదిహేనో మనిషిగా మిమ్మల్నీ చేర్చమన్నాను" అన్నాడాయన, అక్షరం అక్షరం విడగొట్టి. "చే-ర్చ-మ-న్నాను. జరిగింది జరిగినట్టు రాసి, ఆ బొత్తాలు విడదీసి సాయంత్రంలోగా చూపిస్తే సంతకం పెడతాను. లేకపోతే పెట్టను."

చిట్టి అప్పటికే లేచి కుర్చీలో కూర్చుంది.

గుమ్మంలో మేస్త్రీ నిలబడి ఉన్నాడు, జుట్టునిండా సున్నం. "ఏమైందండీ, అందరూ పరిగెత్తారు? గోడేమన్నా పడిందా?"

"నాకూ సగమే అర్థమైంది" అన్నాడు తాళాల తాత.

అందుకని ఇద్దర్నీ కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పాను. చిట్టి చేర్చెయ్ అంది, మధ్యలో డ్రిల్లు మోగింది, నేను చెరిపెయ్ అని విన్నాను. నేను చెరిపేశా అన్నాను, చిట్టి చేర్చేశా అని వింది. నిజంగా చెబితే శ్లేష అనుకుంది. చెరపబోయి రద్దు నొక్కాను, రద్దు చెరపడాన్ని ఆపింది. మేస్త్రీ శ్రద్ధగా విని, డ్రిల్లు వైపు అనుమానంగా చూసుకున్నాడు.

"అయితే తప్పు దీనిదేనంటారా?"

"దానిది కాదయ్యా, నా చెవిది."

"మీ ఇద్దరిదీ కాదు, నా బొత్తాలది" అంది చిట్టి, తెర మీదినుంచి కళ్ళు తిప్పకుండా. "మావయ్యా, ఇక్కడ కూర్చో. ఇప్పుడు చెప్పిందంతా మళ్ళీ మొదటినుంచి చెప్పు. జోకులు తీసేసి."

"తీసేస్తే ఏం మిగులుతుందే?"

"మెల్లగా చెప్పు. రాసుకుంటున్నాను."